గణితావధాని లక్కోజు సంజీవరాయశర్మ

అవధానమనగానే సమస్యాపూరణం, దత్తపది, నిషిద్ధాక్షరి వంటి సాహిత్య ప్రక్రియలు స్ఫురిస్తాయి. పృచ్ఛకులు అడిగిన వాటిని ధారణలో నిలుపుకొని ఆశువుగా బదులు చెప్పే ఆ తెలుగు విద్యను అంకెల వైపు మళ్లించి, గణితావధానానికి దేశమంతటా ఖ్యాతి తెచ్చిన మేధావి లక్కోజు సంజీవరాయశర్మ.

ఆయన 1907 నవంబరు 22న కడప జిల్లా ప్రొద్దుటూరు సమీపంలోని కల్లూరులో జన్మించారు. పుట్టుకతోనే అంధులు. అంధుల లిపి ఆ పల్లెకు చేరని కాలమది. బడికి వెళ్లివచ్చిన అక్క ఇంట్లో పాఠాలు బిగ్గరగా వల్లె వేస్తుంటే వినడమే ఆయన విద్యాభ్యాసం. ఎక్కాలు చెవిన పడ్డంతనే కంఠస్థమయ్యేవి. ఊరి రైతులు ధాన్యం ధరలకూ, పొలాల కొలతలకూ ఆ బాలుని ఆశ్రయించేవారు.

1928లో నంద్యాలలో ఆయన గణితావధానం చేశారు. దత్తమండలాలకు రాయలసీమ అన్న పేరు ఖాయమైనది కూడా అదే యేడు, అదే పట్టణంలో. ఆ తరువాత సుమారు 6000 ప్రదర్శనలు ఇచ్చారని ప్రతీతి. పుట్టినతేదీ చెబితే చాలు, వారం, తిథి, నక్షత్రం చెప్పేవారు. చేత వయొలిన్ ఉండేది. సంగీతమూ గణితమూ ఆయనకు వేర్వేరు విద్యలు కావు.

1966లో హైదరాబాదులో జరిగిన అవధానంలో రెండు యొక్క 103వ ఘాతం ఎంత అని ఒక ప్రశ్న వచ్చింది. అంటే 103 రెండ్లను వరుసగా గుణించాలి. కాగితమూ కలమూ ఉన్నవారికే అది దీర్ఘమైన పని. శర్మగారు చెప్పిన ఫలితం 10141204801825835211973625643008. మొత్తం 32 అంకెలు! వాటిలో ఒక్కటి తప్పినా సభలో నవ్వులపాలు కావలసినదే. ఆయనకు జీవనాధారమూ, గౌరవమూ రెండూ ఆ అంకెల మీదనే ఆధారపడి ఉండేవి.

ఈ మహాసంఖ్యకు ప్రధాన కారణాంకం రెండు ఒక్కటే. అయితే దీనినుండి ఒకటి తీసివేస్తే స్వరూపమే మారిపోతుంది. అప్పుడది 2550183799, 3976656429941438590393 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. 1644లో ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ ఈ తరహా సంఖ్యలలో ప్రధాన సంఖ్యలని తాను భావించిన వాటి జాబితా ప్రకటించాడు. అందులో 103ను చేర్చకపోవడం సరియే గాని, చేర్చవలసిన 107ను వదలివేశాడు.

చదరంగం గళ్లలో గింజలను రెట్టింపు చేస్తూ పోయే కథ మనకు కొత్త కాదు. ఆ మొత్తం 18446744073709551615. పావులూరి మల్లన నాడే దానిని తెలుగు పద్యంలో బంధించాడు. దీని ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. వీటిలో 641 ఒక పెద్ద సంఖ్యను భాగిస్తుందని 1732లో కనుగొని, ఫెర్మా ఊహను తారుమారు చేసినవాడు ఆయిలర్. ఆయన కూడా వార్ధక్యంలో చూపు పూర్తిగా కోల్పోయి, మనోగణనతోనే పరిశోధన సాగించడం విశేషం.

గుణించడం కంటే విడదీయడం ఎంతో కష్టం. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని క్షణంలో సాధించే కంప్యూటరు, ఆ లబ్ధం నుండి వాటిని తిరిగి రాబట్టలేక తడబడుతుంది. రహస్య సందేశాల రక్షణకు ఈ తడబాటే ఆధారమైంది. శర్మగారి ప్రతిభ గుణకారాలలో, ఘాతాలలో, పంచాంగ గణనలో వెలిగింది. ఆయనను పరిశోధకునిగా కాక అద్భుతంగా మాత్రమే చూసిన సభలు ఎక్కువ. కళాశాల విద్య అందివుంటే ఆ మేధ ఏ దారి పట్టేదో ఊహకు అందదు.

ఆయన శ్రీకాళహస్తిలో స్థిరపడ్డారు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చేనాటికి ఆయన వృద్ధులు. 1997 డిసెంబరు 2న, తొంభయ్యవ జన్మదినం గడిచిన పది రోజులకు, శ్రీకాళహస్తిలోనే కన్నుమూశారు.