జముకు అందుకున్న పూజారి: సుబ్బారావు పాణిగ్రాహి

హిట్లర్ పాఠం చదవకుండా మన విద్యార్థులు పదో తరగతి దాటరు. అరవై లక్షల మంది యూదులను చంపారన్న అంకె పరీక్ష దాకా గుర్తుంటుంది. ఆ తర్వాత చెరిగిపోతుంది. అంకెకు ముఖం లేదు, గొంతు లేదు. అందుకే ఆ చరిత్రను పిల్లలకు పాటతో, బొమ్మలతో, నాటకంతో చెప్పే పద్ధతి చాలా దేశాల్లో ఉంది.

దాని మూలాలు ఆ శిబిరాల్లోనే ఉన్నాయి. నాజీలు యూదులను బంధించిన టెరెజిన్‌లో ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి తోటి ఖైదీల పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పారు. ఎవరి బొమ్మ మీద వాళ్ల పేరు రాయించారు. 1944 అక్టోబర్‌లో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపేశారు. ఆ పిల్లల్లో ఎక్కువ మంది కూడా బతకలేదు. రెండు పెట్టెల్లో దాచిన సుమారు 4,500 బొమ్మలు మాత్రం మిగిలాయి. అంకెలుగా మారిన పిల్లలకు ఆ బొమ్మలే తిరిగి పేర్లు ఇచ్చాయి.

మరి మన నేల మీద చంపబడ్డవాళ్ల పేర్లను కళతో నిలిపిందెవరు? ఈ ప్రశ్న పలాస, టెక్కలి, ఉద్దానం యువతను అడిగితే, వాళ్ల తాతలకు తెలిసిన ఒక పేరు దగ్గరికి వెళ్లాలి. ఆయనే సుబ్బారావు పాణిగ్రాహి. యూదుల మారణహోమం, శ్రీకాకుళం ఒకటేనని మేము అనడం లేదు. వాటి కారణాలు వేరు, పరిమాణం వేరు. చంపడం, ఆ తర్వాత చంపిన సంగతినే చెరిపేయడం మాత్రం రెండుచోట్లా ఉన్నాయి.

పాణిగ్రాహి ఒడియా మాతృభాషగా ఉన్న బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి పూజారిగా పనిచేశారు. కొబ్బరి, జీడి, పనస తోటల ఉద్దానం అది. బయటివాళ్లకు పచ్చగా కనిపించే ఆ తోటల మధ్య కూలికి సరైన రేటు ఉండేది కాదు. పైన ఏజెన్సీ కొండల్లో సవరలు, జాతాపులు షావుకార్ల అప్పుల్లో చిక్కి భూములు పోగొట్టుకుంటున్నారు. చింతపండు, అడ్డాకులు షావుకారు చెప్పిన ధరకే ఇచ్చుకోవాలి. వెట్టి ఉండనే ఉంది. ఇదంతా చూసిన పూజారి కమ్యూనిస్టు అయ్యారు, కవి అయ్యారు. తన మాతృభాషలో కాక, జనం మాట్లాడే తెలుగులో రాశారు.

ఆయన చేసిన అసలు పని కవిత్వం రాయడం ఒక్కటే కాదు. బొడ్డపాడు యువకులను కూడగట్టి జముకుల కథ చెప్పారు. జముకు ఉత్తరాంధ్ర వాద్యం. గుండ్రటి డొల్లకు ఒక పక్క తోలు బిగించి, దాని మధ్య నుంచి నరం లాగి మీటుతారు. గ్రామదేవతల పండగల్లో రాత్రంతా సాగే కథ అది. ఒకరు కథ నడిపిస్తే పక్కవాళ్లు వంత పాడతారు. పాణిగ్రాహి ఈ రూపంలోకి దేవతల బదులు కూలీలను, గిరిజనులను తెచ్చారు.

ఇందులో ఒక బోధనా పద్ధతి ఉంది. చదువు రానివాళ్లకు కరపత్రం పనికిరాదు. ఉపన్యాసం వింటే రేపటికి సగం పోతుంది. అదే పాట పల్లవి పదిసార్లు వస్తుంది, వంత పాడే కుర్రవాడికి నోటికి వచ్చేస్తుంది. వాడు పక్క ఊళ్లో పాడతాడు. అలా విన్నవాడే చెప్పేవాడవుతాడు.

ఆ రోజుల్లో చెప్పవలసిన కథలకు కొదవ లేదు. 1967 అక్టోబర్ 31న గిరిజన సంఘం మహాసభకు వెళుతున్న కోరన్న, మంగన్నలను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. 1968లో కోర్టు నిందితులను విడిచిపెట్టింది. ఆ ఏడాది చివర ఉద్యమం సాయుధ పోరాటంగా మారింది. 1969 మే 27న బొడ్డపాడుకు చెందిన పంచాది కృష్ణమూర్తిని, మరో ఆరుగురిని పోలీసులు పట్టుకుని జలంత్రకోట దగ్గర కాల్చి చంపారు. పాణిగ్రాహి కూడా గుడి వదిలి, ఊరు వదిలి దళంలోకి వెళ్లారు. 1969 డిసెంబర్ 22న రంగమటియా కొండల్లో ఆయనా బలయ్యారు. కృష్ణమూర్తి సహచరి నిర్మల, మరికొందరు ఆయనతో పాటే చనిపోయారు. ప్రభుత్వం దాన్ని ఎదురుకాల్పులంది. పట్టుకుని చంపారని ఉద్యమం అంది. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు.

మనిషిని చంపినా జముకుల కథ ఆగలేదు. శ్రీకాకుళం ప్రేరణతో 1970 జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. 1972లో మొదలైన జననాట్యమండలి జానపద రూపాలనే ఆయుధం చేసుకుంది. ఆ దారిని మొదట నడిచి చూపినవారిలో పాణిగ్రాహి ఒకరు.

ఇక్కడ మేము అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. జముకు పాణిగ్రాహిది కాదు. గ్రామదేవతల ముందు తరతరాలుగా దాన్ని మోగించి, పండగ అయ్యాక ఊరి చివరికి వెళ్లిపోయిన అట్టడుగు కులాల కళాకారులది. పూజారి దాన్ని చేతిలోకి తీసుకోవడం ఆ రోజుల్లో చిన్న తెగింపు కాదు. దానికి ఆయనకు దక్కవలసిన గౌరవం దక్కాలి. కానీ ఆయన పేరు చరిత్రకెక్కింది, ఆయనకు ముందు ఆ విద్యను కాపాడినవాళ్ల పేర్లు ఎక్కలేదు. వర్గం గురించి అంత బలంగా పాడిన ఉద్యమం కులం గురించి అంతే బలంగా పాడలేదు. 1985లో కారంచేడులో ఆరుగురు దళితులను చంపాక గానీ ఆ లోటు అందరికీ కనబడలేదు. దళిత మహాసభ పుట్టింది, దళిత పాట తన గొంతుతో తాను లేచింది. 1991లో చుండూరు జరిగింది. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లాలోనే, మడ్డువలస జలాశయం భూముల తగాదాలో లక్ష్మీపేటలో ఐదుగురు దళితులను చంపారు.

టెక్కలిలోనో పలాసలోనో డిగ్రీ చదివే విద్యార్థిని ఆష్విట్జ్ గురించి అడిగితే రెండు వాక్యాలు చెప్పగలగాలి. ఆ చదువు అవసరం. కానీ అదే విద్యార్థి లక్ష్మీపేట గురించి ఒక్క వాక్యమైనా చెప్పగలగాలి. తన తరగతి పుస్తకంలో అది ఎందుకు లేదో అడగగలగాలి.

అందుకని పాణిగ్రాహిని కేవలం వర్ధంతి నాడు దండ వేసే అమరుడిగా చూడటం చాలదు. ఆయన పద్ధతిని తీసుకోవాలి. జముకు తెలిసిన పెద్దలు ఇంకా ఉన్న ఊళ్లకు విద్యార్థులు వెళ్లాలి. వాళ్ల పేర్లు రాసుకుని, వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. కోరన్న, మంగన్నల నుంచి లక్ష్మీపేట దాకా ప్రతి పేరునూ కథలోకి ఎక్కించాలి. టెరెజిన్ పిల్లలు బొమ్మ మీద పేరు రాసినట్టు, మన పిల్లలు ఆ పేర్లను వంతలో పాడాలి.