రెండో ఇష్టానికీ విలువుంది



క్లాస్ లీడర్ ఎన్నికలో ఎక్కువ ఓట్లు వస్తే చాలు, సగం క్లాసు వద్దనుకున్నా గెలుపే. రాష్ట్రపతి ఎన్నిక అలా కాదు. వి.వి. గిరి గారి జీవితమే చూడండి.

1894లో బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టారు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి, రైల్వే కార్మికుల పక్షాన నిలిచారు. 1969 మేలో, మన హైదరాబాద్‌లోనే పుట్టిన రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆ ఎన్నికలో గిరి స్వతంత్ర అభ్యర్థి. కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇద్దరూ తెలుగువారే.

మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. సగం దాటాలంటే 4,18,169 కావాలి. వెనకబడినవారిని తప్పించి, వారి ఓట్లను తర్వాతి ప్రాధాన్యం ప్రకారం పంచారు. దాదాపు 88 వేల ఆధిక్యం 14,650కి పడిపోయింది. అయినా గిరి 4,20,077తో గెలిచారు. 1975లో భారతరత్న అందుకుని, 1980లో కన్నుమూశారు.

అసలు ఎవరు గెలవాలి? ఎక్కువమంది మొదట కోరినవారా? ముఖాముఖిలో ప్రతి ఒక్కరినీ ఓడించేవారా? అందరికీ ఫర్వాలేదనిపించేవారా? మూడు కొలతలూ ప్రతిసారీ ఒకరినే చూపవు.

ఈ ఆదివారం టిఫిన్‌కి ఇడ్లీ, దోసె, ఖిచిడీ-ఖట్టా: ఇంటిల్లిపాదీ 1, 2, 3 వేయండి. లెక్క మాత్రం పిల్లలకే వదిలేయండి.