విలియం జేమ్సు

మనము దినమునకు ఎన్నియో పర్యాయములు ‘నేను’ అను మాటను పలుకుచుందుము. నేను పరీక్షలో నెగ్గితిని, నాకు కోపము వచ్చినది, నేను రేపు ఊరికి పోయెదను అని చెప్పునప్పుడు ఆ మాట దేనిని తెలుపుచున్నదని ఎవరైనను అడిగినచో తడబడుదుము. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన ఉపనిషత్తుల ఋషులును, గ్రీకు దేశపు తత్త్వవేత్తలును దీనిని గూర్చి ఎంతయో చింతించిరి. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో ఒక యువకుడు ఈ ప్రశ్నచేత పీడింపబడి, బ్రదుకుపై ఆశ నశించునంతటి దుఃస్థితికి లోనై, తేఱుకొని, పిమ్మట దానినే శాస్త్రముగా విద్యార్థులకు బోధించెను. అతడే విలియం జేమ్సు.

జేమ్సు 1842వ సంవత్సరము జనవరి 11వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. అతని పితామహుడు ఐర్లండు దేశమునుండి వలస వచ్చి వ్యాపారములో విశేషముగా ధనమార్జించినవాడు. తండ్రియైన హెన్రీ జేమ్సు బాల్యమున అగ్నిప్రమాదమున గాయపడి ఒక కాలు పోగొట్టుకొనెను. ధనమునకు కొఱత లేనందున ఆయన ఏ యుద్యోగమును చేయక, మతతత్త్వ గ్రంథములు చదువుచు, వ్రాయుచు, మిత్రులతో చర్చించుచు కాలము గడపెను. పిల్లలు ఐదుగురు. వారిలో విలియం పెద్దవాడు. రెండవవాడు తండ్రి పేరే పెట్టబడిన హెన్రీ. ఇతడే తరువాతి కాలమున ప్రఖ్యాత నవలా రచయిత యయ్యెను.

పిల్లల చదువు విషయమున తండ్రికి ఒక విచిత్రమైన పట్టుదల యుండెడిది. ఏ పాఠశాలయు ఆయనకు తృప్తి నిచ్చెడిది కాదు. న్యూయార్కునుండి లండనుకు, లండనునుండి పారిసుకు, జెనీవాకు, జర్మనీలోని బాన్ పట్టణమునకు కుటుంబమంతయు మాఱుచు వచ్చెను. ఒక గురువును పిల్లలు గుర్తెఱుగునంతలోనే మఱియొక గురువు వచ్చెడివాడు. దీనివలన విలియమునకు ఫ్రెంచి, జర్మను భాషలు చక్కగా పట్టుపడెను. చిత్రశాలలను, ప్రదర్శనశాలలను చూచి కన్ను పదునెక్కెను. కాని ఒక పనియందు నిలుకడగా నుండుట మాత్రము అలవడలేదు. ఇంట భోజనపు బల్లయొద్ద పిల్లలు తండ్రితోనే వాదమునకు దిగుచుండిరి. తండ్రియు దానికి సంతోషించెడివాడు. పిల్లలకు ఇట్టి స్వేచ్ఛ నిచ్చుట గొప్ప విషయమే. అయినను నీవు ఏమి కాదలచితివి అను ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన వయస్సు వచ్చునప్పటికి ఆ స్వేచ్ఛయే విలియమునకు బరువయ్యెను.

అతడు మొదట చిత్రకారుడు కాదలచెను. 1860లో న్యూపోర్టు పట్టణమున విలియం హంటు అను చిత్రకారునియొద్ద శిష్యుడుగా చేరెను. చేతిలో నేర్పు కలదు. కాని తాను మొదటి శ్రేణి చిత్రకారుడు కాజాలడని కొలది కాలములోనే నిశ్చయించుకొని కుంచెను విడిచిపెట్టెను. 1861లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన విజ్ఞానశాస్త్ర పాఠశాలలో రసాయనశాస్త్రమును ఆరంభించెను. అదియు నచ్చలేదు. శరీరశాస్త్రము వైపు మరలి, 1864లో వైద్య కళాశాలలో చేరెను. ఆ సంవత్సరములలోనే అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగెను. తమ్ములిద్దఱు సైన్యమున చేరిరి. వారిలో విల్కిన్సన్ 1863లో వాగ్నరు కోటపై జరిగిన దాడిలో తీవ్రముగా గాయపడెను. విలియం దుర్బల శరీరుడగుటచేత ఇంటనే యుండిపోయెను.

1865లో లూయీ అగస్సీ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు చేపలను సేకరించుటకై బ్రెజిలు దేశమునకు, అమెజాను నదీ ప్రాంతమునకు ప్రయాణమగుచు కొందఱు విద్యార్థులను వెంట గొనిపోయెను. జేమ్సును వారిలో ఒకడు. అక్కడ అతనికి మసూచికము వంటి వ్యాధి సోకి కన్నులు బాధపెట్టెను. పెట్టెలలో చేపలను కూర్చుచు గడపిన ఆ నెలలలో అతడు తెలిసికొనిన దొకటే: తనకు వస్తువులను సేకరించుటకంటె ఆలోచించుటయే తగిన పని. తానేమి కాడో తెలిసికొనుటకు కూడ ఒక్కొక్కప్పుడు అంత దూరము పోవలసి వచ్చును!

తిరిగి వచ్చిన పిమ్మట వెన్నునొప్పియు, కంటిజబ్బును, నిద్రలేమియు అతనిని క్రుంగదీసెను. చికిత్సకై 1867లో జర్మనీకి పోయి, అచ్చటి శాస్త్రజ్ఞులు నాడీమండలమును ప్రయోగశాలలలో పరీక్షించు విధమును గూర్చి తెలిసికొనెను. 1869లో వైద్య పట్టమును పొందెను. కాని ఒక్కనాడైనను వైద్యవృత్తిని చేయలేదు. ఇరువదియేడేండ్ల వయస్సున, తండ్రి ఇంట, తండ్రి ధనముతో, ఏ పనియు లేక కూర్చుండెను.

అతని బాధకు కారణము దేహవ్యాధి మాత్రమే కాదు. అతడు చదివిన శాస్త్రము ప్రతి కార్యమునకును ముందొక కారణముండునని బోధించినది. రాయి క్రింద పడుట ఎట్లు తప్పనిదో మనుష్యుని తలంపును, చేతయు అట్లే తప్పనివైనచో, ఇక ‘నేను’ అనువాడు చేయునదేమి? మంచి చేయవలెనని కోరుటకును, చెడును తప్పించుకొనుటకును అర్థమేమి? తాను చేజేతుల మార్చుకొనలేని యంత్రమే తానైనచో బ్రదుకుట ఎందులకు? ఈ ప్రశ్నలు అతనికి తర్కవినోదములు కావు. రాత్రులు నిద్ర లేకుండ చేసినవి. ఆ యేండ్లలోనే ఒకనాటి సంధ్యవేళ చీకటి గదిలోనికి పోగా, తాను వెనుక ఆరోగ్యశాలలో చూచిన ఒక మానసిక రోగి రూపము అతనికి తటాలున జ్ఞప్తికి వచ్చెను. మోకాళ్లను గడ్డమునకు ఆనించుకొని, కదలక మెదలక, దినమంతయు బల్లపై కూర్చుండెడి యువకుడతడు. ఆ యువకుని స్థితి తనకును పట్టవచ్చునను తలంపుతో జేమ్సు గడగడ వణకెను. పిమ్మట చాల కాలము ప్రతి ఉదయమును భయముతోనే మేల్కొనెడివాడు. ఈ యనుభవమును 1902లో ప్రకటించినప్పుడు ఆయన తన పేరు చెప్పక, ఒక ఫ్రెంచివాడు వ్రాసి పంపినట్లు చూపెను. అది తన కథయే యని తరువాత తెలియవచ్చినది.

1870 మార్చిలో అతడు మిక్కిలి అభిమానించిన మిన్నీ టెంపిల్ అను బంధువు క్షయవ్యాధితో చనిపోయెను. దుఃఖము ఇంకను పెరిగెను. ఏప్రిలు 30వ తేదీన తన దినచర్య పుస్తకములో అతడొక విషయమును వ్రాసికొనెను. అంతకు ముందు రోజున అతడు రెనూవియే అను ఫ్రెంచి తత్త్వవేత్త గ్రంథము చదివెను. మనస్సునకు ఇతర తలంపులు తోచగలిగినను, ఒకే తలంపును కోరి నిలుపుకొనుటయే స్వేచ్ఛ యని ఆ గ్రంథకర్త చెప్పియుండెను. ఈ మాట జేమ్సునకు తెడ్డువలె దొరకెను. స్వేచ్ఛ కలదో లేదో తర్కముతో తేల్చుట సాధ్యము కానప్పుడు, కలదని నమ్ముటయే తన స్వేచ్ఛకు మొదటి కార్యముగా చేసెదనని అతడు నిశ్చయించుకొనెను. అంతేకాదు, తన్ను తాను త్రవ్వి చూచుకొనుట కొంతకాలము మాని, చిన్న చిన్న పనులను నియమముతో చేయవలెనని కూడ వ్రాసికొనెను. ఒక్క రోజులో రోగము నయమైనదని తలంపరాదు. మరల మరల క్రుంగెను, మరల లేచెను. మనోవ్యాకులత జీవితమంతయు అప్పుడప్పుడు ఆయనను పలుకరించుచునే యుండెను. కాని ఆనాటినుండి నడచుటకు ఒక త్రోవ ఏర్పడెను.

1872లో హార్వర్డు అధ్యక్షుడైన ఎలియటు, తన పూర్వశిష్యుడైన జేమ్సునకు శరీరశాస్త్రమును బోధించు ఉద్యోగమిచ్చెను. పనిలో దిగిన పిమ్మట ఆరోగ్యము మెఱుగుపడెను. 1875లో ఆయన మనస్తత్వశాస్త్రమును బోధింప నారంభించెను. అప్పటికి అమెరికాలో ఆ శాస్త్రము ఈ రూపమున లేదు. తాను వినిన మొదటి మనస్తత్వశాస్త్రోపన్యాసము తానిచ్చినదే యని ఆయన పరిహాసముగా చెప్పుకొనెను.

1878లో ఆలిస్ గిబ్బెన్సు అను ఉపాధ్యాయురాలిని వివాహమాడెను. ఆ యేడే ఒక ప్రచురణకర్తకు మనస్తత్వశాస్త్రముపై పుస్తకము వ్రాసి యిచ్చుటకు ఒప్పుకొనెను. రెండేండ్లలో ముగించునని తలంచిన ఆ పనికి పండ్రెండేండ్లు పట్టెను! ‘మనస్తత్వశాస్త్ర సూత్రములు’ అను ఆ గ్రంథము 1890లో రెండు సంపుటములుగా వెలువడెను. అందు దాదాపు 1400 పుటలు కలవు. అప్పటికి ఆయన వయస్సు నలువదియెనిమిది. రెండేండ్లకు దానిని కుదించి విద్యార్థులకై చిన్న పుస్తకమును సిద్ధపఱచెను. విద్యార్థులు పెద్దదానిని జేమ్సు అనియు, చిన్నదానిని జిమ్మీ అనియు ముద్దుగా పిలిచెడివారు.

ఆ గ్రంథములో ‘నేను’ను గూర్చిన అధ్యాయము ప్రసిద్ధమైనది. మనలో తెలిసికొనువాడొకడు, తెలియబడునది యొకటి యున్నదని జేమ్సు వేఱుపఱచెను. తెలియబడు ‘నేను’లో మరల మూడు భాగములను చూపెను. దేహము, బట్టలు, ఇల్లు, తల్లిదండ్రులు మొదలగునవి ఒక భాగము; వీనిలో దేనికి హాని కలిగినను మనకే హాని కలిగినట్లు బాధపడుదుము గదా! ఇతరుల మనస్సులలో మనలను గూర్చి యున్న భావము రెండవ భాగము. గురువు నెదుట వినయముగా నుండు బాలుడు స్నేహితుల గుంపులో వేఱొకడగును. కావున మనలను ఎందఱు ఎఱుగుదురో అన్ని ‘నేను’లు ఉన్నవని ఆయన భావము. మన లోపలి తలంపులు, పట్టుదలలు మూడవ భాగము.

మనకు మనపై గల గౌరవమును ఆయన ఒక భిన్నముగా వ్రాసి చూపెను. సాధించినది లవము, ఆశించినది హారము. లవమును పెంచినను, హారమును తగ్గించినను ఫలితము పెరుగును. మనస్తత్వశాస్త్రమున తనకంటె ఇతరుడు అధికుడైనచో తనకు చిన్నతనముగా నుండునని, గ్రీకు భాష రాకపోవుట మాత్రము తన్నేమియు బాధింపదని ఆయన తన్నే ఉదాహరణముగా చూపెను. చిత్రకళను, రసాయనమును, వైద్యమును ఒక్కొక్కటిగా విడిచిన మనుష్యుడు ఈ లెక్క వ్రాసినాడని గుర్తుంచుకొనినచో దాని విలువ తెలియును.

అభ్యాసమును గూర్చి ఆయన వ్రాసినది దేశదేశముల ఉపాధ్యాయులను ఆకర్షించెను. పొలములో నడచిన కొలది కాలిబాట పడునట్లు, ఒక పనిని మరల మరల చేసినచో మన నాడులలో దానికొక దారి ఏర్పడును. క్రొత్త అలవాటును గట్టి నిశ్చయముతో మొదలిడవలెననియు, అది వేళ్లూనువఱకు ఒక్కసారియు తప్పరాదనియు ఆయన బోధించెను. జాగ్రత్తగా చుట్టుచున్న దారపు ఉండ చేయి జాఱినచో ఎన్నో చుట్లు విడిపోవును గదా! ముప్పదియేండ్లకు మనుష్యుని స్వభావము గట్టిపడి పోవునని కూడ ఆయన తలంచెను. ఇది మాత్రము అతిశయోక్తి. ఆ వయస్సు దాటిన పిమ్మటను స్వభావము మాఱుచుండునని తరువాతి పరిశోధకులు కనుగొనిరి. ముప్పదవ యేట ఉద్యోగమున చేరి నిలదొక్కుకొనిన జేమ్సు జీవితమే దానికి సాక్ష్యము.

మన తలంపులు గొలుసులోని కడియముల వలె విడివిడిగా నుండవనియు, ఏటి నీటివలె ఎడతెగక ప్రవహించుననియు ఆయన చెప్పెను. ఈ భావము సాహిత్యమునకును ప్రాకెను. తెలుగు విమర్శకులు చైతన్యస్రవంతి యని పిలుచు కథనరీతికి ఆ పేరు జేమ్సు మాటనుండియే వచ్చినది. 1969లో వెలువడిన నవీన్ నవల ‘అంపశయ్య’ ఆ రీతిలో వ్రాయబడినదే.

జేమ్సు గురువుగా ఎట్టివాడో తెలుపు సంగతులు రెండు. 1890లో మేరీ కాల్కిన్సు అను యువతి హార్వర్డులో చదువగోరెను. స్త్రీలను చేర్చుకొనుటకు విశ్వవిద్యాలయము అంగీకరింపలేదు. తరగతిలో కూర్చుండి వినుటకు మాత్రము అతి కష్టముపై సమ్మతించెను. తోటి విద్యార్థులు మానుకొనగా జేమ్సు ఆమె యొక్కతెకే పాఠము చెప్పెను. ఆమె డాక్టరు పట్టమునకు వలసిన పరీక్షలన్నిట నెగ్గినను హార్వర్డు పట్టము నీయలేదు. ఆమెయే 1905లో అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘమునకు ప్రథమ మహిళాధ్యక్షురాలయ్యెను. మఱియొక శిష్యుడు థారన్‌డైకు కోడిపిల్లలు నేర్చుకొను విధమును పరీక్షించుచుండెను. ఇంటి యజమానురాలు కోళ్లను ఉంచరాదని పట్టుపట్టగా, జేమ్సు తన ఇంటి నేలమాళిగలో వానికి చోటిచ్చెను. ఆయన పిల్లలకు అది పెద్ద వేడుక యయ్యెను.

1896లో స్వామి వివేకానందుడు హార్వర్డులో వేదాంతమును గూర్చి ఉపన్యసించెను. జేమ్సు ఆయనను ఎఱుగును. 1901, 1902 సంవత్సరములలో ఎడింబరో నగరమున మతానుభవములను గూర్చి ఉపన్యసించుచు జేమ్సు వివేకానందుని రచనలను పేర్కొనెను. ఆ యుపన్యాసములు ‘మతానుభవ వైవిధ్యము’ అను గ్రంథముగా వెలువడినవి. అందు ఆయన ఏ మతమును సమర్థింపను లేదు, పరిహసింపను లేదు. ఆ యనుభవము మనుష్యుని బ్రదుకులో ఏ మార్పు తెచ్చెనో చూడుమనెను.

అప్పటికే ఆయన గుండె దుర్బలమైనది. 1898లో కొండలపై అతిశ్రమచేసి తెచ్చుకొనిన రోగమది. 1907లో ఉద్యోగమును విడిచెను. 1909 సెప్టెంబరులో వియన్నా వైద్యుడు ఫ్రాయిడు అమెరికాకు రాగా, ఆయనను చూచుటకై జేమ్సు వూస్టరు పట్టణమునకు పోయెను. ఇద్దఱును నడచుచుండగా జేమ్సునకు గుండెనొప్పి వచ్చెను. ఆయన తన చేతిసంచిని ఫ్రాయిడున కిచ్చి, మీరు ముందు నడువుడు, నొప్పి తగ్గగానే వచ్చి కలిసికొందునని చెప్పెను. కొంతసేపటికి అట్లే వచ్చి కలిసికొనెను. మృత్యువు సమీపించినప్పుడు తనకును అట్టి నిబ్బరముండిన బాగుండునని ఫ్రాయిడు పిమ్మట వ్రాసెను.

మఱుసటి సంవత్సరము ఐరోపాకు పోయి, జబ్బుతోనున్న తమ్ముడు హెన్రీని చూచి, అతనితో కలసి తిరిగి వచ్చెను. 1910 ఆగస్టు 26వ తేదీన న్యూహాంప్‌షైరులోని చొకోరువా గ్రామమున తన వేసవి యింట కన్ను మూసెను. అంత్యదినములలో ఆయన తత్త్వశాస్త్రమును క్రొత్తగా చదువు విద్యార్థుల కొఱకు ఒక పాఠ్యపుస్తకమును వ్రాయుచుండెను. అది ముగియలేదు. మరుసటి యేడు దానిని అసంపూర్ణముగనే అచ్చువేసిరి.