అరచేతిలో ఆవిరి రథం

ఆవిరి యంత్రమనగానే జేమ్స్ వాట్, రైలింజననగానే జార్జ్ స్టీఫెన్‌సన్ స్ఫురించడం సహజం. ఆ ఇద్దరి నడుమ నిలిచి, ఒకేచోట పాతుకొని పనిచేసే యంత్రాన్ని పట్టాలపై నడిపించిన ప్రతిభాశాలి రిచర్డ్ ట్రెవిథిక్. ఆ మహాకార్యానికి ఒక ఇంటి గదిలో, చిన్న నమూనాతో అంకురార్పణ జరిగింది.

ట్రెవిథిక్ 1771 ఏప్రిల్ 13న ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి అక్కడి గనులలో పర్యవేక్షకుడు. గనులలో ఊరే నీటిని తోడిపోసే యంత్రాల చప్పుళ్ల మధ్యనే ఆయన బాల్యం గడిచింది. మొండివాడని, చదువుపై ధ్యాస లేనివాడని ఉపాధ్యాయుడు భావించాడు. అయితే లెక్కలలో మాత్రం ఎవరూ నేర్పని పద్ధతిలో సరైన సమాధానం రాబట్టేవాడు. ఆరడుగులకు మించిన ఎత్తుతో, అసాధారణమైన దేహబలంతో గని కార్మికుల అభిమానాన్ని చూరగొన్నాడు.

ఆనాటి వాట్ యంత్రాలలో ఆవిరిని చల్లార్చడానికి ప్రత్యేకమైన పాత్ర, ధారాళంగా చన్నీరు అవసరమయ్యేవి. అంత బరువైన యంత్రాన్ని బండిపైకి ఎక్కించడం అసాధ్యం. అధిక పీడనం గల ఆవిరితో పిస్టన్‌ను తోయించి, పని ముగిసిన ఆవిరిని గాలిలోకి విడిచిపెడితే చల్లార్చే పాత్రతో పనే ఉండదని ట్రెవిథిక్ ఊహించాడు. దానివల్ల కలిగే నష్టం స్వల్పమేనని గణితవేత్త అయిన మిత్రుడు డేవీస్ గిడ్డీ లెక్కకట్టి చెప్పగా, ఆయన ఉత్సాహం ద్విగుణీకృతమైంది.

అంతకుముందు 1784లో, ఆ చేరువలోని రెడ్రూత్‌లో విలియం మర్డాక్ ఆవిరి బండి నమూనాను నడిపాడు. తగిన ప్రోత్సాహం లేక ఆ ప్రయత్నం నమూనాతోనే ఆగిపోయింది. ట్రెవిథిక్ మాత్రం అక్కడ ఆగదలచుకోలేదు. 1797 ప్రాంతంలో కాంబోర్న్‌లోని తన ఇంట చిన్న నమూనాలు నిర్మించాడు. కెటిల్‌లో మరిగించిన నీటిని నమూనా బాయిలరులో పోసి, ఎర్రగా కాల్చిన ఇనుపముక్కను అందులోని గొట్టంలో ఉంచేవాడు. క్షణాలలో ఆవిరి పుట్టి, ఆ బొమ్మ బండి తనంత తానే కదిలేది. చూడవచ్చిన వారికి అది వినోదం. ఆయనకు మాత్రం అది నిరూపణ.

1801 డిసెంబరు 24న ఆయన నిర్మించిన పెద్ద ఆవిరి బండి మనుషులను ఎక్కించుకొని కాంబోర్న్ కొండదారిని ఎక్కింది. కొద్ది రోజులకే, నిప్పు ఆర్పకుండా భోజనానికి వెళ్లిన సమయంలో బాయిలరులోని నీరు ఇగిరిపోయి బండి తగలబడిపోయింది. 1803లో గ్రీనిచ్‌లో ఆయన యంత్రపు బాయిలరు ఒకటి పేలి ప్రాణనష్టం జరిగింది. ఆయన తన పద్ధతిని విడిచిపెట్టక, దాని లోపాన్ని సరిదిద్దాడు. అధిక పీడనాన్ని వెలుపలికి వదిలే రెండు కవాటాలను, నీరు తగ్గినపుడు కరిగిపోయే సీసపు బిరడాను అమర్చాడు.

1804 ఫిబ్రవరి 21 చరిత్రలో చిరస్మరణీయమైన దినం. వేల్స్‌లోని పెనిడారెన్ ఇనుప కర్మాగారం నుండి ఆయన ఇంజను 10 టన్నుల ఇనుమును, ఐదు బండ్లను, 70 మందిని సుమారు 16 కిలోమీటర్ల దూరం లాగింది. ప్రయాణానికి 4 గంటల 5 నిమిషాలు పట్టింది. ఇంజను గెలిచింది కాని, దాని బరువుకు పోత ఇనుప పట్టాలు విరిగిపోయాయి. 1808లో లండన్‌లో గుండ్రని పట్టాలు వేసి, రుసుము తీసుకొని ప్రజలను రైలెక్కించాడు. అక్కడా పట్టా విరిగి ప్రదర్శన ఆగిపోయింది. ఆయన ఆలోచన తన కాలంనాటి పట్టాల కంటే ముందు నడిచింది.

1816లో పెరూ దేశపు వెండి గనులకు వెళ్లిన ట్రెవిథిక్, అక్కడి స్వాతంత్ర్య సంగ్రామంలో సర్వస్వం కోల్పోయాడు. 1827లో కార్తహేనా రేవులో నిరుపేదగా నిలిచిన ఆయనకు, జార్జ్ స్టీఫెన్‌సన్ కుమారుడు రాబర్ట్ 50 పౌండ్లిచ్చి స్వదేశానికి చేరే దారి చూపాడు. రెండేళ్లకు స్టీఫెన్‌సన్‌ల ‘రాకెట్’ ఇంజను ప్రపంచ ప్రఖ్యాతి గాంచింది. ట్రెవిథిక్ 1833 ఏప్రిల్ 22న డార్ట్‌ఫర్డ్‌లో పేదరికంలోనే కన్నుమూశాడు. తోటి కార్మికులు చందాలు వేసుకొని అంత్యక్రియలు జరిపారు. సమాధిపై పేరు చెక్కిన రాయి అయినా లేదు.

పెనిడారెన్ ఇంజను నేడు మిగిలి లేదు. పాత చిత్రపటాల ఆధారంగా 1981లో వేల్స్‌లో పూర్తి పరిమాణంలో దాని ప్రతిరూపాన్ని నిర్మించారు. 1932లో కాంబోర్న్ గ్రంథాలయం ఎదుట ఆయన విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఆ విగ్రహం చేతిలో ఖడ్గం లేదు, గ్రంథం లేదు. ఒక చిన్న ఆవిరి బండి నమూనా ఉంది. సంపద నిలవకపోయినా, ఒకనాడు ఆయన ఇంటి గదిలో కదలాడిన ఆ చిన్న బండియే ఆయన కీర్తిని శాశ్వతం చేసింది.