మార్టినస్ బైయరింక్

బెండ మడిలో ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారడం జేకేపూర్, రాయగడ పరిసరాల పిల్లలు చూసే ఉంటారు. రైతులు దానిని పల్లాకు తెగులు అంటారు. ఇటువంటి తెగుళ్లకు కారణం వైరస్. అది మొక్కలో ఎలా వ్యాపిస్తుందో మొదట ఆలోచించినవారిలో మార్టినస్ బైయరింక్ ముఖ్యుడు.

ఆయన 1851 మార్చి 16న హాలెండు దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో జన్మించాడు. తండ్రి పొగాకు వర్తకుడు. వ్యాపారం దెబ్బతిని కుటుంబం ఇబ్బందుల పాలయింది. అయినా బైయరింక్ పట్టుదలతో చదివి, వాగెనింగెన్ వ్యవసాయ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. అక్కడ అడాల్ఫ్ మేయర్ అనే శాస్త్రజ్ఞుడు పొగాకుకు వచ్చే మొజాయిక్ తెగులును పరిశోధిస్తుండేవాడు. తెగులు మొక్క రసాన్ని మంచి మొక్కకు ఎక్కిస్తే దానికీ తెగులు సోకుతుందని ఆయన చూపాడు. కాని తెగులు తెచ్చే సూక్ష్మజీవి కనబడలేదు. బైయరింక్ కూడా వెదికాడు. ఆయనకూ దొరకలేదు.

తరువాత డెల్ఫ్ట్ నగరంలో ఆచార్యుడై, ఆ సమస్యను మళ్లీ చేపట్టాడు. బాక్టీరియాలను ఆపగల పింగాణి వడపోత గొట్టంలో రసాన్ని వడకట్టాడు. ఆ రసం కూడా తెగులు తెచ్చింది. అది వట్టి విషమే అయితే, మొక్క నుండి మొక్కకు ఎక్కించేకొద్దీ పలచబడాలి. కాని దాని శక్తి తగ్గలేదు. పైగా ముదురు ఆకులను విడిచి, పెరిగే లేత ఆకులకే తెగులు సోకింది. అది మొక్క రసంతో ప్రయాణించి, పెరిగే భాగాలలో వృద్ధి పొందుతుందని బైయరింక్ గ్రహించాడు. 1898లో ఈ విషయం ప్రకటించి, దానిని వైరస్ అన్నాడు.

రష్యా శాస్త్రజ్ఞుడు ఇవనోవ్‌స్కీ 1892లోనే ఇటువంటి వడపోత ప్రయోగం చేశాడని ఆయనకు తరువాత తెలిసింది. ముందు చేసిన ఘనత ఇవనోవ్‌స్కీదేనని బైయరింక్ నిస్సంకోచంగా ఒప్పుకొన్నాడు.

వైరస్ ఒక ద్రవమని ఆయన భావించాడు. అది పొరపాటు. 1939లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పొగాకు వైరస్ సన్నని కడ్డీలవలె కనబడింది. కణానికీ కణానికీ మధ్య ఉండే సన్నని దారుల గుండా వైరస్ సాగుతుందని, ఆహారాన్ని మోసే నాళాలలో చేరి లేత ఆకులకూ వేళ్లకూ పోతుందని నేడు మనకు తెలుసు. అందుకే తెగులు ఆకును తుంచితే చాలదు. మొక్కనే పీకి నాశనం చేయాలి.

బైయరింక్ 1931 జనవరి 1న మరణించాడు. మడిలో మిగిలిన మొక్కలను కాపాడుకొనే రైతుకు ఆయన పరిశోధన నేటికీ తోడ్పడుతున్నది.