డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరములకు బెంగుళూరు చేరువయైనను, 1953 అక్టోబరు వరకు మనకు శాసనములు చేసినది మదరాసే. ఆ శాసనసభలో 1927లో ఉపాధ్యక్షురాలైన వైద్యురాలు ముత్తులక్ష్మీరెడ్డిగారు. దేవదాసీ పద్ధతిని మాన్పుటకు వారు సాగించిన కృషి 1947లో చట్టమై మన సీమ దేవాలయములకును వర్తించినది.

ఆమె 1886 జులై 30న పుదుక్కోటలో జన్మించిరి. తండ్రి నారాయణస్వామి అయ్యరుగారు కళాశాలాధ్యక్షులు. తల్లి చంద్రమ్మగారు దేవదాసీ కులమున పుట్టినవారు. ఈ సంబంధమువలన తండ్రిగారిని స్వజనులు వెలివేసిరి. లోకుల చిన్నచూపు ఎట్టిదో ఆ బాలిక పుస్తకములలో చదువనక్కర లేకపోయెను. మగపిల్లల కళాశాలలో చేరుటకు మహారాజుగారి యనుమతి కావలసివచ్చెను. 1912లో మదరాసు వైద్యకళాశాలనుండి పట్టము పొంది, 1914లో డాక్టరు సుందరరెడ్డిగారిని వివాహమాడిరి. తన్ను సమానురాలిగా చూడవలెనని ముందే మాట తీసికొనిరట!

తరువాత చెల్లెలికి రాచపుండు సోకెను. క్యాన్సరని నేడు పల్లెలలో సైతము చెప్పుకొను వ్యాధియే అది. మొదట అది మరొక జబ్బని తలచుటచే కాలము మించిపోయెను. ఎందరికో మందిచ్చిన చేతులు తోడబుట్టినదాని బాధ తీర్చలేకపోయెను. రోగి తుదిదినములు ఎట్లుండునో వైద్యురాలిగా కాక అక్కగా చూచిరి. ఆ దుఃఖము ఆమెను విడువలేదు. 1925లో లండను వెళ్లినపుడు అచ్చటి క్యాన్సరు ఆసుపత్రిని శ్రద్ధగా పరిశీలించిరి. 1935లో మదరాసు వైద్యకళాశాల శతవార్షికోత్సవమున అట్టి వైద్యశాల మనకును కావలెనని కోరిరి.

ఎట్లును చనిపోవువారికి ఆసుపత్రి యెందుకని పెద్దలు కొందరు పెదవి విరిచిరి. పైకి లెక్కగా తోచు మాటయే. కాని చెల్లెలి మంచము ప్రక్కన కూర్చున్నవారికి ఆ లెక్క రుచించునా? త్వరగా గుర్తించినచో బ్రదుకువారును కలరని, బ్రదుకనివారికి నొప్పి తగ్గించుటయు వైద్యమేనని ఆమె తలచిరి. భారత మహిళా సంఘమువారితో కలిసి, ఇంటింటికి తిరిగి చందాలు పోగుచేసిరి. 1952 అక్టోబరులో నెహ్రూగారు అడయారున శంకుస్థాపన చేసిరి. 1954 జూన్ 18న 12 మంచములతో ఆసుపత్రి తెరువబడెను. కుమారుడు డాక్టరు కృష్ణమూర్తిగారు దానిని నడిపిరి. కొలదికాలమునకు డాక్టరు శాంతగారు చేరి, 2021లో మరణించువరకు అచ్చటనే యుండిరి.

ముత్తులక్ష్మీరెడ్డిగారు 1956లో పద్మభూషణ బిరుదు పొంది, 1968 జులై 22న పరమపదించిరి. అప్పటికి ఆ ఆసుపత్రి వయస్సు 14 ఏండ్లు.