అగ్గిపుల్లల నాడించిన ఫాల్కే

తోలుబొమ్మలాటలో తెరవెనుక చేతులు బొమ్మల నాడించును. ఏ చేయియు కనబడకుండ వస్తువులను తెరపై నడిపించు విద్యను మన దేశమున తొలుత చూపినవారిలో దాదాసాహెబ్ ఫాల్కే ఒకడు.

ఆయన 1870 లో నాసిక్ సమీపమునగల త్ర్యంబకమున జన్మించెను. జీవిత బీమా పత్రములను కుదువబెట్టి, 1912 లో లండన్ వెళ్లి చలనచిత్ర విద్య నభ్యసించెను. తిరిగివచ్చిన పిదప పెట్టుబడికి ధనము లేదు. అంతట కుండలో బఠానీ గింజ నాటి, దాని పెరుగుదలను దినదినము కొద్దికొద్దిగా చిత్రించెను. తెరపై ఆ మొలక క్షణములలో మొక్కయయ్యెను. చూచినవారికి నమ్మిక కుదిరి అప్పు దొరికెను. 1913 లో ‘రాజా హరిశ్చంద్ర’ వెలువడెను.

1915 లో అగ్గిపుల్లలను ఇంచుక జరుపుచు, జరిపినప్పుడెల్ల ఒక చిత్రము తీసి, వానిని వరుసగా చూపి, పుల్లలే ఆడుచున్నట్లు భ్రమ గొలిపెను. 1944 లో ఆయన కీర్తిశేషుడయ్యెను. నేటి యానిమేషన్ చిత్రములకును అట్టి ఓర్పే మూలధనము.